సొగసును ప్రయోజనమును

సౌందర్యము వస్తువు పూర్తియైన పిమ్మట పైనద్దెడు పూఁత యని పలువురి తలంపు. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున నీ తలంపు పరీక్షకు నిలిచెను. అచటి ఆంగ్లేయుల తివాచీలు కొన్నింటిపై గులాబీగుత్తులు నిజమైన పూవులవలె ఉబ్బెత్తుగాఁ గనఁబడుచుండెను. పూలగుత్తులఁ ద్రొక్కి నడచుటకు ఏ యిల్లాలికి మనసొప్పును? హిందూదేశపు నేఁతలోనన్ననో, పూవు చదునైన రూపము దాల్చి వస్త్రములో నొదిగియుండెను. ఆ గాజుమందిరమునకు రంగులు కూర్చిన వాస్తుశిల్పి ఓవెన్ జోన్సు దీనిని మిగుల మెచ్చెను. 1856లోఁ బ్రకటించిన తన గ్రంథమున నిట్టి నమూనాలను ముద్రించి, అలంకారము నిర్మాణమునకు లోఁబడియుండవలెనని బోధించెను. మన సాలెవాండ్రకు ఇది గ్రంథములఁ జదివి నేర్చినది కాదు, తరతరముల చేతియలవాటు. అయితే ఆ మెప్పు వారి చెవినిఁ బడునాఁటికే, మెచ్చినవారి దేశపు మిల్లుబట్ట వారి మగ్గములఁ బెక్కింటిని మూలకుఁ ద్రోసియుండెను.