మలుపు ఎక్కడ? కోరమాండల్ నూలుగుడ్డ, ఆధునిక ప్రపంచ ఆవిర్భావంపై వాదాలు

ఆధునిక ప్రపంచం ఎప్పుడు మొదలైందన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఆడమ్ స్మిత్ 1776లోనే అమెరికాను కనుగొనడాన్నీ, గుడ్‌హోప్ అగ్రం చుట్టూ ఇండియాకు దారి దొరకడాన్నీ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘటనలుగా ఎంచాడు. ఆ లెక్కన మలుపులు 1492, 1498. డెన్నిస్ ఫ్లిన్, ఆర్టురో హిరాల్డెజ్‌లు 1571 వైపు మొగ్గారు. స్పెయిన్ ఆ ఏడాది మనీలా నగరాన్ని స్థాపించాకే అమెరికా వెండి పసిఫిక్ దాటి చైనా చేరే మార్గం స్థిరపడింది. ఖండాల మధ్య సరుకుల ధరలు దగ్గరపడ్డాయా లేదా అని చూసిన కెవిన్ ఓరూర్క్, జెఫ్రీ విలియమ్సన్‌లకు 1820ల ముందు ప్రపంచీకరణే కనిపించలేదు. గీటురాయిని బట్టి తేదీ మారుతోంది. అందువల్ల తేదీల కన్నా ఒక సరుకు వెంట నడవడం మేలు. అందుకు నూలుగుడ్డను మించిన సరుకు లేదు.

ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్నంలో దిగేనాటికే కోరమాండల్ గుడ్డ ఆగ్నేయాసియా దీవుల్లో సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లుతోంది. దాని వెనుక పెద్ద శ్రమ విభజన ఉంది. మెట్ట ప్రాంతాల పత్తి ఎద్దుల మీద తీరానికి దిగేది. ఆడవాళ్లు రాట్నం మీద వడికేవారు. సాలెలు, దేవాంగులు నేసేవారు. ఆపై అద్దకం. కరక్కాయ రసం, గేదె పాలు కలిపి అందులో గుడ్డను నానబెట్టి ఎండబెట్టేవారు. ఇనుమును ఊరవేసి తీసిన ద్రవంతో నల్ల గీతలు గీసేవారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, చిరివేరు వేసి కాచేవారు. పటిక తగిలిన చోట మాత్రమే వేరు రంగు పోగును పట్టుకుంటుంది, ఉతికినా వదలదు. ఐరోపా కొనుగోలుదారును ఆకట్టుకున్నది ఈ గుణమే. తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి జెసూట్ పాద్రి కూర్దూ 1742లో ఈ పద్ధతిని అంచెలంచెలుగా వర్ణిస్తూ ఉత్తరం రాశాడు. అది ఐరోపాలో అచ్చయింది. చేతిపనివారి విద్య పుస్తక జ్ఞానంగా మారి ఐరోపా అద్దకందారులకు అందిన దారుల్లో అదొకటి. యూరపు తనంతట తాను మేల్కొందని చెప్పే కథల్లో ఈ ఉత్తరానికి చోటు దక్కకపోవడం పెద్ద లోపం.

ఈ గుడ్డ ధాటికి ఐరోపా ఉన్ని, పట్టు నేతగాళ్లు భయపడ్డారు. ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో ఆసియా అద్దకం గుడ్డల వాడకాన్ని ఆపింది, తెల్లగుడ్డను మాత్రం రానిచ్చింది. దాని మీద లండన్‌లోనే అద్దకం వేసే పరిశ్రమ పెరిగింది. 1721లో అద్దకం నూలుగుడ్డల వాడకాన్నే దాదాపు పూర్తిగా నిషేధించారు. ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతం నేసే మిశ్రమ వస్త్రానికి 1736లో స్పష్టమైన మినహాయింపు దొరికింది. మిశ్రమం ఎందుకంటే, పడుగు ఎప్పుడూ బిగువు మీద ఉంటుంది, నేతలో మాటిమాటికీ రాపిడికి గురవుతుంది. అంత గట్టి పత్తి నూలు తీయడం ఇంగ్లండు చేతులకు అలవడలేదు. అందుకని పడుగుకు నార నూలు, పేకకు పత్తి నూలు వాడారు. 1760ల్లో వచ్చిన హార్‌గ్రీవ్స్ జెన్నీ అనే వడుకు యంత్రం తీసిన నూలు కూడా మెత్తన, పేకకే పనికివచ్చేది. ఆర్క్‌రైట్ 1769లో పేటెంటు పొందిన వాటర్ ఫ్రేమ్ అనే వడుకు యంత్రం పడుగుకు ఆగే నూలు ఇచ్చింది. 1774లో పార్లమెంటు స్వదేశీ అచ్చ నూలుగుడ్డకు అనుమతినిస్తూ, దాని అంచున మూడు నీలి పోగులు ఉండాలని నిర్ణయించింది. ఇంగ్లీషు గుడ్డను ఇండియా గుడ్డ నుంచి వేరు చేయడానికి చట్టం పెట్టిన గుర్తు అది. యంత్రం దేనితో సరితూగాలని పుట్టిందో ఆ మూడు పోగులే చెబుతాయి.

ఇంగ్లండులోనే యంత్ర పరిశ్రమ ఎందుకు పుట్టిందన్న పెద్ద వాదాలను ఈ వెలుగులో తూచవచ్చు. ఇంగ్లండులో కూలి ప్రియం, బొగ్గు చౌక, కాబట్టే యంత్రం అక్కడ గిట్టుబాటైందని రాబర్ట్ ఆలెన్ అంటాడు. కూలి మాట బలమైనదే. బొగ్గు మాట పత్తికి తొలి రోజుల్లో అంతగా అతకదు, 1771లో మొదలైన క్రామ్‌ఫర్డ్ మిల్లు నీటి బలంతో నడిచింది. బొగ్గుకు తోడు అమెరికా భూములూ కలిసిరావడం వల్లే ఇంగ్లండు చైనా యాంగ్జీ డెల్టాను దాటిపోయిందని కెన్నెత్ పొమెరాంజ్ 2000లో వాదించాడు. ప్రసన్నన్ పార్థసారథి 2011 నాటి గ్రంథంలో భారతీయ నూలుగుడ్డ పోటీనే ముందు నిలిపాడు. దక్షిణ భారత నేతగాడి కూలిని ధాన్యంలో కొలిస్తే ఇంగ్లండు కూలికి దగ్గరగా ఉందన్నది ఆయన లెక్క. వెండిలో కొలిస్తే చాలా తక్కువని బ్రాడ్‌బెర్రీ, బిష్ణుప్రియ గుప్తా చూపారు. రెండు లెక్కలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. తిండిగింజలు చౌకైన చోట వెండిలో తక్కువ కూలి తీసుకునీ కడుపు నింపుకోవచ్చు, ఆ గుడ్డ విదేశాల్లో చౌకగా అమ్ముడుపోవచ్చు. అయితే పోటీ ఒక్కటే సరిపోదు. ఇండియా గుడ్డకు అలవాటుపడిన ఆఫ్రికా తీరపు బానిస వర్తకం లాంకషైర్‌కు సంత అయింది. పత్తి గింజలు వేరుచేసే విట్నీ జిన్ను వచ్చిన 1793 తర్వాత బానిసల చేత పండించిన అమెరికా పత్తి దానికి ముడిసరుకైంది. బానిసత్వాన్నీ పరిశ్రమనూ ముడివేస్తూ ఎరిక్ విలియమ్స్ 1944లో చేసిన వాదంలోని లాభాల లెక్కలపై అభ్యంతరాలున్నా, ఈ రెండు లంకెలను తోసిపుచ్చడం కష్టం.

కోరమాండల్ వైపు నుంచి చూస్తే మలుపు మరోలా కనిపిస్తుంది. 1765 మొగలు ఫర్మానా, 1766 నిజాం ఒప్పందాలతో ఉత్తర సర్కారుల్లో ఎక్కువ భాగం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కొనుగోలుదారే ఏలిక కావడంతో బయానా ఇచ్చి నేతగాళ్లను కట్టడి చేయడం, ఇతరులకు నేయకుండా అడ్డుకోవడం సులువైంది. వారి అర్జీలనూ నిరసనలనూ పి. స్వర్ణలత 2005లో వెలువడిన అధ్యయనంలో వెలికితీశారు. 1813లో కంపెనీ భారత వ్యాపార గుత్తాధిపత్యం పోయింది. ఆ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు వచ్చి ముందు రాట్నాన్ని దెబ్బతీసింది. మగ్గం ఆ నూలునే వాడుకుంటూ నిలదొక్కుకుంది. ఒకే ఇంట్లో వడికే స్త్రీకీ, నేసే మగవాడికీ మలుపు ఒకే ఏడాది రాలేదు. కంపెనీ ప్రధానంగా కొన్నది గుడ్డ, నూలు సంతలో చేతులు మారేది. అందుకే దఫ్తరాల్లో నేతగాడి గొంతు వినిపించినంతగా వడికే స్త్రీ గొంతు వినిపించదు. చేతి వడుకు పూర్తిగా అంతరించనూ లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్న నూలు వడికే పద్ధతి నేటికీ ఉంది.