బిడ్డను ఎవరికి అప్పగించాలి?

చీరాల అనగానే మనకు చీరలే గుర్తొస్తాయి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది కనుక నేతపని చేసే తల్లికి బిడ్డ కళ్ళెదుటే ఆడుకుంటాడు. ఐ.ఎల్.టి.డి. వంటి పొగాకు కంపెనీల్లో ఆకు గ్రేడింగుకు వెళ్ళే తల్లికి ఆ వీలేదీ? ఇంట్లో ముసలమ్మైనా ఉండాలి, లేదా పెద్దపిల్ల బడి మానాలి.

1948 ఫ్యాక్టరీల చట్టం ఇలాంటి తల్లుల్ని తలుచుకుంది. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకో గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. గదికి గాలీ వెలుతురూ ఉండాలి, శుభ్రంగా ఉంచాలి, పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన స్త్రీ చూసుకోవాలి అన్నారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు, తల్లి రోజుకు నాలుగుసార్లు శిశుకేంద్రానికి వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా చేర్చారు.

ఉద్యోగాలకు వెళ్ళే మన కూతుళ్ళూ కోడళ్ళూ బిడ్డను వదిలే చోట అడగవలసినవీ ఇవేనమ్మా. గాలి ఆడుతోందా? శుభ్రంగా ఉందా? చూసే మనిషికి పని తెలుసా? ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళి చూడండి. కన్నతల్లిని గుమ్మంలోనే ఆపేసే చోట, ఎన్ని బొమ్మలున్నా సరే, బిడ్డను వదలకండి.