ఎడిన్‌బరో దాకా పోయిన హకీం రూపాబాయి

"ఆడపిల్లకు అంత దూరం చదువెందుకు?" అనే మాట మన ఇండ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. అందుకే ఈ సంగతి.

స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో 1847 నవంబరు 4 రాత్రి డాక్టర్ సింప్సన్, ఇద్దరు మిత్రులు క్లోరోఫాం పీల్చి బల్లకిందికి ఒరిగిపోయారు. కాన్పు నొప్పులకు మందు దొరికింది. అయితే మత్తులో కొందరు రోగులు మళ్ళీ లేవలేదు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఆ ఊళ్ళోనే చదివిన డాక్టర్ లారీ ఇది తేల్చడానికి హైదరాబాదులో 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపారు. రెండోసారి మహబూబ్ అలీ పాషా వెయ్యి పౌన్లు ఇచ్చి, లండన్ నుంచి డాక్టర్ బ్రంటన్‌ను రప్పించారు. (పాషా పేరు వింటే మానుకోటవాళ్ళకు తమ ఊరే గుర్తొస్తుంది!) ఊపిరే ముందు ఆగుతుందన్నారు. అది సగమే నిజం. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ చూపించాడు.

లారీ శిష్యురాలు, పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో మెడికల్ స్కూల్లో చేరిన అయిదుగురు ఆడపిల్లల్లో ఒకరు. 1889లో హకీం పట్టా పొందారు. ఇరవై ఏండ్లు రోగులకు మత్తిచ్చిన చేయి అది. అయినా తనకు తెలిసింది చాలదనుకున్నారు కాబోలు, 1909లో ఎడిన్‌బరో పోయి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. తిరిగొచ్చి మళ్ళీ మన హైదరాబాదు ఆసుపత్రుల్లోనే పనిచేశారు.