గంగా తీరాన గుడారాలు: టెహ్రీ నుంచి రిషికేశ్ వరకు తెలుసుకోవలసిన అంశాలు

ఉత్తరాఖండ్‌లో నీటి ఒడ్డున గుడారాల్లో విడిది చేయడానికి రెండు ప్రాంతాలు పేరుపొందాయి. ఒకటి భాగీరథి నదిపై ఏర్పడిన టెహ్రీ జలాశయ తీరం. రెండవది కౌడియాలా నుంచి రిషికేశ్ వరకు గంగానది వెంట ఉన్న సుమారు 36 కిలోమీటర్ల పరిధి. చార్‌ధామ్ యాత్రకు వెళ్లే తెలుగువారికి కూడా ఈ నదీమార్గం సుపరిచితమే. అయితే ఇక్కడి జలాశయం సహజ సరస్సు కాదు. నది కూడా పూర్తిగా తన ఇష్టప్రకారం పారేది కాదు. ఎగువ ఆనకట్టల నిర్వహణను బట్టి రెండు చోట్లా నీటి అంచు ముందుకు, వెనుకకు జరుగుతూ ఉంటుంది. గుడారం ఎక్కడ వేయాలి, ఏ నెలలో వెళ్లాలి అనే నిర్ణయాలు ప్రధానంగా దీనిపైనే ఆధారపడి ఉంటాయి.

90 మీటర్ల హెచ్చుతగ్గులు

భాగీరథి, భిలంగనా నదుల సంగమానికి దిగువన మట్టి, రాళ్లతో నిర్మించిన టెహ్రీ ఆనకట్ట ఎత్తు 260.5 మీటర్లు. దేశంలో అత్యంత ఎత్తైన ఆనకట్ట ఇదే. 2006లో ఇక్కడ విద్యుదుత్పత్తి ప్రారంభమైంది. పాత టెహ్రీ పట్టణం జలాశయంలో మునిగిపోగా, నిర్వాసితుల కోసం కొండపై న్యూ టెహ్రీని నిర్మించారు. నిండుగా ఉన్నప్పుడు జలాశయ విస్తీర్ణం సుమారు 42 చదరపు కిలోమీటర్లు. భాగీరథి లోయలో 44 కిలోమీటర్లు, భిలంగనా లోయలో 25 కిలోమీటర్ల మేర నీరు నిలుస్తుంది. కోటీ కాలనీ ఇక్కడ పడవ విహారానికి ప్రధాన కేంద్రం. 2020 నవంబరులో ప్రారంభమైన 725 మీటర్ల డోబ్రా-చాంఠీ వేలాడే వంతెన మరో ఆకర్షణ.

జలాశయ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 830 మీటర్లు, కనిష్ఠ వినియోగ మట్టం 740 మీటర్లు. అంటే ఏడాదిలో నీటిమట్టం 90 మీటర్ల వరకు, దాదాపు 30 అంతస్తుల భవనమంత ఎత్తు మేర మారవచ్చు. వర్షాకాలం ముగిసే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జలాశయం నిండుగా ఉంటుంది. ఆ తరువాత విద్యుత్తు, సాగునీరు, తాగునీటి అవసరాలకు నీరు వదులుతూ రావడంతో మే, జూన్ నాటికి మట్టం బాగా పడిపోతుంది. ఢిల్లీకి చేరే తాగునీటిలో 300 క్యూసెక్కులు ఈ ప్రాజెక్టు నుంచి లభించేవే.

అందువల్ల శరదృతువులో నీటి అంచున కనిపించిన చోటు వేసవిలో ఎంతో ఎత్తున ఉండిపోతుంది. వేసవిలో బయటపడే వాలు ఒండ్రుమట్టితో వదులుగా ఉంటుంది. నీరు దగ్గరగా కనిపిస్తున్నదని ఆ వాలుపై గుడారం వేయడం, దిగి నీటి వద్దకు వెళ్లడం ప్రమాదకరం. జలాశయం చుట్టూ ఉన్న కొన్ని గ్రామాల్లో నేల కుంగడం, ఇళ్లకు పగుళ్లు రావడం ఇప్పటికే నమోదయ్యాయి.

ఎగువన రెండు నదులు, పలు ఆనకట్టలు

టెహ్రీకి సుమారు 22 కిలోమీటర్ల దిగువన 400 మెగావాట్ల కోటేశ్వర్ ప్రాజెక్టు ఉంది. టెహ్రీ విద్యుత్కేంద్రం గిరాకీ అధికంగా ఉన్న వేళల్లో ఎక్కువగా పనిచేస్తుంది. ఆ నీటిని కోటేశ్వర్ జలాశయం క్రమబద్ధం చేసి దిగువకు వదులుతుంది. అలకనందపై శ్రీనగర్ వద్ద 330 మెగావాట్ల మరో ప్రాజెక్టు ఉంది. దేవప్రయాగ వద్ద ఈ రెండు నదులు కలిసి గంగగా మారతాయి. కౌడియాలా, బ్యాసీ, శివపురి తీరాల్లో ప్రవాహం ఈ రెండు వైపుల నుంచి వచ్చే నీటిపై ఆధారపడుతుంది. స్థానికంగా ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువన కురిసిన వానకు లేదా గేట్లు ఎత్తినందుకు నది పెరగవచ్చు.

ఇటువంటి ప్రమాదం ఎంత వేగంగా ముంచుకొస్తుందో తెలుగు రాష్ట్రాలకు 2014లో అనుభవమైంది. ఆ ఏడాది జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని మండీ జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయి మరణించారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టులో ఉత్పత్తి తగ్గించి, గేట్ల ద్వారా నీటిని వదలడంతో రాళ్లు తేలి ఉన్న నదీగర్భం కొద్ది నిమిషాల్లోనే ప్రవాహంగా మారింది.

నిబంధనలు ఏమి చెబుతున్నాయి?

రిషికేశ్ ఎగువన ఇసుక తిన్నెలపై శిబిరాలు విపరీతంగా పెరగడంతో మురుగు, చెత్త, శబ్దం, వన్యప్రాణులకు అంతరాయం వంటి సమస్యలపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో పిటిషన్ దాఖలైంది. 2015 డిసెంబరు 10న ట్రైబ్యునల్ కౌడియాలా-రిషికేశ్ పరిధిలో క్యాంపింగ్‌ను నిషేధించింది. తగిన నియంత్రణ వ్యవస్థ ఏర్పడేవరకు ఈ నిషేధం వర్తిస్తుందని, నదికి 100 మీటర్ల లోపు శిబిరాలు ఉండరాదని పేర్కొంది. రాఫ్టింగ్ కొనసాగింపునకు మాత్రం అనుమతించింది.

ఆ తరువాత అనేక శిబిరాలు రహదారికి పైభాగానికి, ఉపనదుల లోయల్లోని ప్రైవేటు భూములకు తరలిపోయాయి. దీనితో నదీతీరంపై భారం తగ్గినా ముప్పు పూర్తిగా తొలగలేదు. 2023 ఆగస్టులో పౌడీ గఢ్వాల్ జిల్లా మోహన్‌చట్టి వద్ద ఒక విడిదిపై కొండచరియలు విరిగిపడి పలువురు పర్యాటకులు మరణించారు. నీటికి దూరం పాటించినంత మాత్రాన సరిపోదనీ, వెనుక ఉన్న వాలును కూడా పరిశీలించాలనీ ఆ ఘటన తెలిపింది.

విడిది చేసేవారు పాటించవలసినవి

అక్టోబరు, నవంబరు నెలలతో పాటు మార్చి నుంచి మే వరకు అనువైన కాలం. జలాశయాన్ని నిండుగా చూడదలచినవారికి అక్టోబరు మేలు. జులై, ఆగస్టు నెలల్లో నదీతీర విడిది, లోయల్లోని శిబిరాలు రెండూ మానుకోవడం ఉత్తమం.

శిబిరానికి పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో ముందుగానే అడగాలి. మరుగుదొడ్లు, మురుగునీటి ఏర్పాట్లు, రాత్రివేళ పైకి చేరే దారి గురించి కూడా తెలుసుకోవాలి. నదిలో కొట్టుకువచ్చిన కట్టెలు పేరుకున్న వరుస, బండలపై రంగు మారిన గీత, తడి ఇసుక గత ప్రవాహం ఎంతవరకు వచ్చిందో తెలిపే గుర్తులు. పడుకునే చోటు వాటికి బాగా ఎగువన ఉండాలి.

సైరన్ మోగినా, నీరు అకస్మాత్తుగా బురదరంగుకు మారినా, ప్రవాహ శబ్దం పెరిగినా సామాను వదిలి వెంటనే ఎత్తైన చోటుకు వెళ్లాలి. ఫొటోల కోసం నది మధ్యలోని బండలపైకి వెళ్లరాదు. మంచు కరిగి వచ్చే నీరు వేసవిలోనూ అతిశీతలంగా ఉంటుంది కనుక ఈతగాళ్లు కూడా లైఫ్ జాకెట్ లేకుండా దిగరాదు. చిరుతల సంచారం ఉన్న ప్రాంతం కావడంతో చీకటి పడ్డాక ఒంటరిగా తిరగకూడదు. ఆహారపు వ్యర్థాలను బయట పడవేయరాదు. పాత్రలు కడగడం, సబ్బు వాడకం నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో జరగాలి. ప్లాస్టిక్ వ్యర్థాలను తిరిగి వెంట తీసుకెళ్లాలి. అత్యవసర సహాయానికి దేశవ్యాప్తంగా 112 నంబరు పనిచేస్తుంది. లోయల్లో మొబైల్ సిగ్నల్ అందని చోట్లు ఉన్నందున బస వివరాలను ముందే కుటుంబసభ్యులకు తెలియజేయాలి.