హైదరాబాదు క్లోరోఫారం వాదము

పాతనగరపు టఫ్జల్ దర్వాజా యుండిన తావు దాటి నయాపూలుమీదుగా మూసీ కావలి యొడ్డు చేరువారికి నేడు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు కానవచ్చును. 1908 నాటి వరదలో ధ్వంసము కాకమునుపు అచ్చట అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఇంగ్లండు వైద్యలోకమంతయు చెవియొగ్గి వినిన శాస్త్రవివాదమొకటి యిచ్చటినుండి వెలువడినదని మన చరిత్రగ్రంథములలో చదువుట అరుదు.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమను మత్తుమందును ప్రచారములోనికి దెచ్చిన మరుసటి సంవత్సరమే పదునైదేండ్ల బాలిక హానా గ్రీనర్ స్వల్పచికిత్సకై దానిని పీల్చి మరణించెను. నాటినుండి వైద్యులలో రెండు పక్షము లేర్పడెను: ఆ మందు గుండెనే మొదట చంపును గాన నాడిని గమనింపవలెనని లండను వారు, ఊపిరి యాగుటయే మూలము గాన శ్వాసను మాత్రమే కనిపెట్టవలెనని ఎడింబరో వారు. ఎడింబరో శస్త్రవైద్యుడు సైమ్ శిష్యుడగు ఎడ్వర్డ్ లారీ, రెసిడెన్సీ సర్జనుగా, 1846లో నెలకొల్పబడిన హైదరాబాదు వైద్యపాఠశాలకు అధ్యక్షుడుగా నిచ్చటికి వచ్చి, తన గురువుమాటను నిరూపించుటకై 1888లో ఒక సంఘమును నియమింపజేసి, జంతువులపై ప్రయోగములు చేయించెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ప్రయోగఫలితములను నమ్మలేదు.

ఆ యపనమ్మకమునకు లారీ యిచ్చిన సమాధానమే నాకు మిక్కిలి గౌరవముగా తోచును. అతడు అలుగలేదు, ఆక్షేపించినవారి యజ్ఞానమును దూషించుచు కూర్చుండలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వెయ్యి పౌను లీయగా, పత్రికవారే తమకు నమ్మకమైన వానిని పంపి ప్రయోగములను కన్నులార చూచునట్లు ఆహ్వానించెను. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. క్లోరోఫారము గుండెను దెబ్బతీయునని అంతవరకు విశ్వసించిన విద్వాంసుడు. 1889 చివరి నెలలలో ఆయన లారీతోను స్థానిక వైద్యులతోను గూడి నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్షలు జరిపి, రక్తపుపోటును తిరుగు కాగితముపై గీతలుగా వ్రాయు యంత్రమును పరికించి, తన పూర్వాభిప్రాయమునే విడిచెను. 1890లో ఆ నివేదిక లాన్సెట్‌లోనే ప్రకటితమయ్యెను. ఆ మూగజీవుల ప్రాణములను వెలగా పెట్టి సంపాదించిన జ్ఞానమిదని మరువరాదు.

అయినను వాదము ముగియలేదు. కేంబ్రిడ్జికి చెందిన గ్యాస్కెల్, షోర్ అనువారు 1893లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో తమ ప్రయోగఫలితములను ప్రకటించి, క్లోరోఫారము గుండెను నేరుగా బలహీనపరచునని వాదించిరి. లారీయు తన మాట విడువలేదు. హైదరాబాదు వారు నివేదికను దాచక ప్రకటించుటచేతనే దానిని ఖండించుటకు ప్రతిపక్షమునకు సాధనము దొరకెను. పత్రికాముఖమున జరుగు శాస్త్రచర్చకు ఇంతకంటె బలమెక్కడినుండి రాగలదు?

తుదకు 1911లో గుడ్మన్ లెవీ అనునాతడు, పిల్లులపై జరిపిన పరిశీలనలలో, మత్తు తేలికగా నున్న సమయముననే గుండెకొట్టుకొనుట గతితప్పి హఠాన్మరణము సంభవించునని చూపెను. హైదరాబాదు ప్రయోగములలో జంతువులకు మత్తును గాఢముగా నిచ్చుచు ఊపిరి నిలుచువరకు కొనసాగించుటవలన, ఆ యపాయము తిరుగు కాగితముమీది గీతలకు చిక్కకపోయెను కాబోలు.