హార్వర్డ్ లా స్కూలులో చదువు

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ నగరంలో 1817లో మొదలైన న్యాయ విద్యాలయం హార్వర్డ్ లా స్కూలు. దీని తొలి ఆచార్య పీఠానికి ఆధారమైన ఐజాక్ రాయల్ ఆస్తి బానిసల చాకిరీతో కూడబెట్టినది. తన ముద్రలో వాడుతూ వచ్చిన ఆ కుటుంబ చిహ్నాన్ని స్కూలు 2016లో వదులుకుంది.

మన దగ్గర ఇంటర్ కాగానే ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. హార్వర్డ్‌లో ముందు డిగ్రీ ఉండాలి, ఆ తరవాత జేడీ అనే మూడేళ్ల న్యాయ కోర్సు. మొదటి ఏడాది ఒప్పందాలు, ఆస్తి, నేరాలు, టార్టులు (పౌర తప్పిదాలు), రాజ్యాంగం, సివిల్ విచారణ పద్ధతి వంటివి తప్పనిసరి.

1870లో డీన్ అయిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్డెల్ బోధన తీరునే మార్చేశాడు. సూత్రాలు వల్లె వేయించడం మాని, అసలు తీర్పులనే విద్యార్థుల ముందు పెట్టాడు. విద్యార్థి వాటిని ముందే చదివి రావాలి. ఆచార్యుడు హఠాత్తుగా ఎవరినో లేపి, వాస్తవాలేమిటి, కోర్టు అలా ఎందుకు తేల్చిందని అడుగుతాడు. జవాబు దొరికిందనుకునేలోగా వాస్తవాన్ని కొంచెం మార్చి మళ్లీ అడుగుతాడు. బిడియస్థులకు ఇది నరకమే, అయినా ఈ పద్ధతి అమెరికా అంతటా పాకింది.

స్త్రీలను 1950 దాకా చేర్చుకోలేదు. 1887 నుంచి వస్తున్న హార్వర్డ్ లా రివ్యూ పత్రికకు సంపాదకులు విద్యార్థులే. 1990లో దాని అధ్యక్షుడిగా ఎన్నికైన తొలి నల్లజాతీయుడు బరాక్ ఒబామా. విదేశీ న్యాయ పట్టభద్రులు ఎక్కువగా చేరేది ఏడాది ఎల్‌ఎల్‌ఎంలో.