గుంట తీసి చూసిన్రు

మంట జర ఎగదోసి దగ్గరికి కూసోండి, చెప్త. సాగర్ కాల్వ రాకముందు మన దిక్కంత ఖుష్కీనే. జొన్న, కంది, ఆముదం. చెరువు కింద ఉన్న ఆ నాలుగు మడులే తరి. 1955 డిసెంబర్‌ల నెహ్రూ వచ్చి డ్యాముకు పునాదిరాయి ఏసిండు. 1967 ఆగస్టుల ఇందిరమ్మ కాల్వలకు నీళ్లు ఇడిసింది. గుంటూరు దిక్కు పోయేది జవహర్ కాల్వ, మన దిక్కు వచ్చేది లాల్‌బహదూర్ కాల్వ.

నీళ్లకంటె ముందు భూమిని చూసేటోళ్లు వచ్చిన్రు. చెలకల మనిషి దిగేంత గుంట తీపిచ్చేది. పైన ఎర్ర దుబ్బ ఎంత, దాని కింద మొరం ఎక్కడ తగులుతది, రాయి ఎంత లోతుల ఉన్నది, అన్నీ కొలిచి రాసుకునేది. ఒక్కొక్క పొర మట్టిని తడిపి, ఏళ్ల నడుమ నలిపి, సంచిల కట్టి పరీక్షకు తోలేది. ‘మట్టిని చూసుడేంది, నీళ్లిస్తె అన్నీ పండుతయి’ అన్నరు ఊరోళ్లు. మా తాత మాత్రం వాళ్ల ఎంబడే తిరిగిండు. ఆయనకూ ఒక పరీక్ష ఉండె. పొద్దుగూకంగ గుంట నిండ నీళ్లు పోసి, తెల్లారి పోయి చూసేటోడు. చెలకల గుంట ఎండి ఉండేది. రేగడిల నీళ్లు ఇంకా నిలిచే ఉండేయి.

ఆఖరికి లోకలైజేషన్ అని లెక్క కట్టిన్రు. ఈ సర్వే నంబరు తరికి, ఆ సర్వే నంబరు ఆరుతడికి అని. నీళ్లు తొందరగ ఇంకే ఎర్ర చెలకల ఆరుతడి పంటలె ఎయ్యాలె, పల్లిగాని జొన్నగాని. అది సరైన మాటే. కని కాల్వల నీళ్లు గలగల పారుతుంటె ఎవలు ఆగుతరు? ఎగువోళ్లు చెలకలల్ల గూడ వరే పెట్టిన్రు. చివరి తూములోళ్లు ఎదురుచూసుకుంటనే ఉన్నరు. నాకు ఇప్పటికీ వాళ్ల మీదనే పాణం గుంజుతది.

పల్లపు రేగడిల ఇంకో బాధ మొదలైంది. పైనుంచి ఊట దిగింది, కిందికి పొయ్యే తొవ్వ లేదు. నిలిచిన నీళ్లు మట్టిల ఉన్న ఉప్పును పట్టుకొని పైకెక్కినయి. ఎండకు నీళ్లు ఆవిరై పోయినయి, ఉప్పు పైనే మిగిలింది. ఎండాకాలం వచ్చిందంటె మడి తెల్లగ పూసేది. బట్టలు ఉతికేటోళ్లు వచ్చి ఆ సౌడు మట్టి గంపలకు ఎత్తుకపోయేది. తెల్లసౌడైతె నీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగినంక మురుగుకాల్వకు ఇడిస్తె కొన్ని కార్లల్ల బాగైతది. కారుసౌడు అంత తొందరగ మాట ఇనదు. దానికి జిప్సం కొట్టాలె, జీలుగ చల్లి పూతకు రాంగనే కలియదున్నాలె. ఏది చేసినా, నీళ్లు బయటికి పొయ్యే కాల్వ లేకుంటె అంతా వట్టిదే.

మన తూము కింద పల్లపు చెక్కకు అట్లాంటి మురుగుకాల్వ ఒకటుండె. గట్టు జరిపి జరిపి దాన్ని మడుల్ల కలుపుకున్నరు. ఊరి నక్షల దాని గీత ఉంటది. ఈ యాసంగి కోతలు కాంగనే నక్ష తీసుకపోయి, పొడుగుకూ కొలిపిచ్చి మళ్ల తవ్విపిచ్చుండ్రి.